కాలరు దగ్గరి కుట్టు

కాలేజీలో ఎండుమొక్కలు దాచే గదిలో ఆవిడని అందరూ కుట్టు పిన్ని అంటారు. పెళ్లికి ముందు చొక్కాలు కుట్టేది, పద్దెనిమిదేళ్లుగా మొక్కలు కుడుతోంది. పాత పేపర్ల మధ్య నలిగి ఎండిన మొక్కని దళసరి తెల్లకాగితం మీద సర్ది, నూలుదారంతో అక్కడక్కడా బిగించడం ఆవిడ పని. ఇంట్లో ఆడపడుచు మాత్రం ఎవరడిగినా "మా వదిన గడ్డికి గౌన్లు కుడుతుంది" అని చెప్పి, వినేవాళ్లకంటే ముందు తానే నవ్వేది.

పిన్నికి ఉన్న గొప్పల్లా ఒక్కటే. తాను వేసిన కుట్టు ఇంతవరకూ విప్పలేదు. ఎక్కడ వేయాలో చేతికే తెలుసు: ఆకు వచ్చి కాడను పట్టుకునే చోట. అక్కడ బిగిస్తే మొక్క ఇక ఎటూ కదలదు.

ఆ ఏడు కొత్తగా చేరిన లెక్చరర్ మేడమ్ గోడల పక్కనా, కాలువ గట్ల మీదా తిరిగి నలభై పిచ్చిమొక్కలు తెచ్చింది. చామంతి కుటుంబమే, పసుపుపచ్చ పూలు, తుంచితే పాలు కారతాయి. పిన్ని కుట్టి ఇచ్చిన కాగితాలు ముందు పెట్టుకుని మేడమ్ అన్నింటికీ ఒకే పేరుతో చీటీలు రాసింది. అవి వేరే ఊరి పెద్ద కాలేజీకి వెళ్లాలి. ఉద్యోగంలో ఆ పిల్ల చేసిన మొదటి పని అదే. పంపే రోజు వచ్చింది, నాలుగింటికి పార్శిల్ బండి వస్తుంది.

పొద్దున నలభయ్యోది కుడుతుంటే సూది ఆగింది. ఆకు మొదట్లో, కాడకి అటూ ఇటూ చెవుల్లాంటి రెండు ముక్కలుంటాయి. ఇక్కడవి గుండ్రంగా చుట్ట చుట్టుకుని, దారం కింద అణగనంటున్నాయి. నిన్న కుట్టినవాటిలో కొన్ని ఇలా మొరాయించలేదు. సూదిగా కొసలు తేలి, బుద్ధిగా పడుకున్నాయి. పిన్నికి కాలర్లు గుర్తొచ్చాయి. ఒకటి మగవాళ్ల చొక్కా కాలరు, ఇంకొకటి పాపాయి గౌను కాలరు. ఒక కత్తెరకి తెగిన గుడ్డలు కావివి.

మిగతా కాగితాలు తిరగేసి చూసింది. ప్రతిదాంట్లోనూ తన కుట్టు సరిగ్గా ఆ చెవుల మీదే, మూడు పోగులు, చెక్కు చెదరకుండా ఉంది.

"ఏంటి పిన్నీ, ఆగిపోయారు?" అన్నాడు గుమాస్తా, పురికొస చేత్తో పట్టుకుని.

"ఇవి రెండు రకాలేమోనయ్యా."

"పేరు పెట్టడం మేడమ్ పని, కుట్టడం మీ పని. ఆ ఒక్కటీ ఇస్తే కట్ట కట్టేస్తా."

ఇచ్చేయచ్చు. ఎవరికీ తెలీదు. ఆ పెద్ద కాలేజీలో ఎవరో కుట్టు ఎత్తి చూసేదాకా తెలీదు. చూశాక ఈ పిల్ల నవ్వులపాలవుతుంది. చెబుదామంటే తన కుట్లన్నీ తానే విప్పాలి, అదీ గుమాస్తా ఎదురుగా. సూదిని జాకెట్టుకి గుచ్చుకుంది. తర్వాత లేచింది.

"మేడమ్, ఒక్కసారి ఇలా వస్తారా? ఇవన్నీ ఒక తల్లి పిల్లలేనా?"

"ఒకటే రకం పిన్నీ. కొన్నిటికి ముళ్లెక్కువ, కొన్నిటికి తక్కువ. ఆ తేడా ఒకే రకంలోనూ ఉంటుంది."

"ముళ్ల సంగతి నాకు తెలీదమ్మా. మెడ చూడండి."

మేడమ్ భూతద్దం పెట్టి నలభయ్యోదాన్ని చాలాసేపు చూసింది. ముఖం ఎర్రబడింది. "గుండ్రంగా ఉంటే ఒక జాతి, కొసదేలితే ఇంకో జాతి. పుస్తకంలో మొట్టమొదట చెప్పేదే ఇది. అన్నీ ఒకటే అనుకుని హడావుడిగా పీక్కొచ్చాను సరే, కాగితం మీదైనా నాకెందుకు కనిపించలేదు?"

"ఎలా కనిపిస్తుంది? అన్నిటికీ నేను మఫ్లర్లు చుట్టాను కదా."

మేడమ్ నవ్వేసింది. పిన్ని బ్లేడు తీసి మొదటి కుట్టు తెంపింది.

"పిన్ని కుట్టు విప్పుతోంది. ఇవాళ వాన ఖాయం" అన్నాడు గుమాస్తా.

"వానలో తడవకుండా ఆ చీటీలు తీసి పక్కన పెట్టు నాయనా."

కాగితానికో మెడ విప్పింది. కుట్టుని అంగుళం కిందికి దించి మళ్లీ బిగించింది. ఒకటి మాత్రం ఎండి ఎండి ఉందేమో, చేతిలోనే పొడి అయిపోయింది. ముప్ఫైతొమ్మిది మిగిలాయి: గుండ్రటివి పాతిక, కొసవి పద్నాలుగు. మేడమ్ పద్నాలుగు చీటీలు కొత్తగా రాసింది. పార్శిల్ అతను వస్తే గుమాస్తా రెండుసార్లు టీ పోయించి కూర్చోబెట్టాడు. అయిదు కావస్తుంటే రెండు కట్టలు బండెక్కాయి.

"ఇక నుంచి మెడలు వదిలేసి కుట్టండి పిన్నీ" అంది మేడమ్.

"గాలాడాలి కదమ్మా వాటికీ."

సాయంత్రం కూరలు కొనుక్కుని ఎదురొచ్చిన ఆడపడుచుకి వదిన రోడ్డు పక్కన గోడ దగ్గర వంగి కనిపించింది.

"వదినా, నడిరోడ్డు మీద ఆ గడ్డి మెడ పట్టుకుని ఏం అడుగుతున్నావు?"

"నీ చొక్కా ఏ దర్జీ కుట్టాడే అని" అంది పిన్ని, తల ఎత్తకుండానే.