మా అత్త నొప్పిని చేసి చూపిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో గాలి వీస్తే భయపడే మనిషి ఒకతె ఉండేది. మా నాయనకు అక్క, నాకు మేనత్త. చిన్న వయసులోనే మామ చనిపోవడంతో పుట్టింటికి వచ్చి మాతోనే ఉండిపోయింది. బెళుగుప్ప దగ్గర మాది మెట్ట ఊరు. ఆషాఢం వచ్చిందంటే పగలంతా హోరుగాలి. మబ్బులు పరుగెత్తిపోతాయి గానీ చినుకు రాలదు. ఆ గాలి తగిలితే చాలు, మా అత్త మాట మధ్యలో ఆపేసి, కళ్లు మూసుకుని బిగుసుకుపోయేది. కుడి చెంపలో మెరుపు దూసినట్టు నొప్పి. కాసేపటికి అది పోయేది. ఏమీ జరగనట్టే ఆమె మళ్లీ మాట అందుకునేది.

అదే ఆమెకు చేటయింది. జ్వరమైతే ఒళ్లు కాలుతుంది, దెబ్బయితే రక్తం కనబడుతుంది. ఈమెకు ఏదీ లేదు. సంతలో పళ్లు పీకేవాడు మూడు పళ్లు పీకేశాడు. నొప్పి మాత్రం అలాగే ఉంది. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. ఆఖరికి ఊళ్లో ఆడవాళ్లు అదంతా పని తప్పించుకునే నాటకమని తేల్చేశారు. నిజానికి మా ఇంట్లో అందరికంటే ఎక్కువ చాకిరీ ఆమెదే. జొన్నరొట్టె నమలలేక, నాలుగు ముద్దలు రాగి సంగటి మింగి పొలానికి పోయేది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఎవరిని చూసినా అచ్చం వాళ్లలాగే చేసి నవ్వించే పిచ్చి నాది. విత్తనానికి చెనక్కాయలు ఒలిచే రోజులు. ఒక మధ్యాహ్నం పదిమంది ఆడవాళ్లు మా పంచలో కూర్చుని ఒలుస్తుంటే, నేను లేచి మా అత్తను చేసి చూపించాను. మాట మధ్యలో ఆగి, చెంపకు చెయ్యి ఆనించి, కళ్లు గట్టిగా మూశాను. అందరూ పగలబడి నవ్వారు. ఉన్నట్టుండి ఆ నవ్వులు ఆగిపోయాయి. కళ్లు తెరిస్తే గడపలో మా అత్త నిలబడి ఉంది.

దెబ్బలు తప్పవనుకున్నాను. ఆమె మెల్లగా వచ్చి నా పక్కన కూర్చుంది.

"బాగనే చేసినావు పాపా. కానీ చెయ్యి ఆనించగూడదు. నేను ఎప్పుడన్నా ఆనిస్తానా? ఆనిస్తే ఇంకా జాస్తి అయితాది. ఇంత దూరంలో ఆపల్ల," అంటూ నా చేతిని చెంపకు బెత్తెడు దూరంలో నిలబెట్టింది. "నోరు కదిలియ్యొద్దు. ఊపిరి గూడా మెల్లగ ఇడ్సల్ల. ఇప్పుడు చెయ్యి."

చేశాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. చెయ్యి గాలిలో నిలిపి, ఊపిరి బిగబట్టి కూర్చున్న ఆ కాసేపట్లోనే నాకు ఏడుపు వచ్చింది.

"ఏడుస్తావెందుకే? ఇన్నాళ్లూ ఎవురికీ చెప్పనీకి నాకే రాలేదు. నీకు వచ్చింది," అంది.

కొన్నాళ్లకు నాయన ఆమెను అనంతపురంలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోతుంటే, పాప కూడా రావాలని అత్త పట్టుబట్టింది. బస్సులో దారంతా కిటికీ గాలికి ఆమె అల్లాడిపోయింది. తీరా డాక్టరు ముందు కూర్చున్నాక నొప్పి రానేలేదు. ఆయన పళ్లు చూశాడు, చెవి చూశాడు. ఇప్పుడు నొప్పి ఉందా అని అడిగితే "లేదు సామీ" అంది. ఆయన మా నాయన వైపు ఒక చూపు చూశాడు. ఊళ్లో ఆడవాళ్ల మొహాల్లో నేను ఎన్నోసార్లు చూసిన చూపే అది.

అత్త నా వైపు తిరిగింది. "పాపా, చేసి చూపీ."

చేశాను. డాక్టరు కలం కింద పెట్టాడు. "చెయ్యి చెంపకు ఎందుకు ఆనించలేదమ్మా?" అని నన్నడిగాడు. ఆనిస్తే జాస్తి అవుతుందని, గాలి తగిలినా నమిలినా వస్తుందని చెప్పాను. ఇంకోసారి చేయమన్నాడు. ఎంతసేపు ఉంటుందో, రోజుకు ఎన్నిసార్లు వస్తుందో అత్తను ఓపికగా అడిగాడు. తర్వాత, ఇది పంటి నొప్పి కాదని, మొహంలో ఉండే ఒక నరానికి వచ్చే జబ్బని అన్నాడు. పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేననీ, మాత్రలు వాడి చూద్దామనీ చెప్పాడు.

"అయితే నొప్పి ఉండాది కదా సామీ? నిజంగానే ఉండాది కదా?"

"ఉందమ్మా," అన్నాడు ఆయన.

మూడు పళ్లు పీకినప్పుడు ఏడవని మా అత్త అప్పుడు ఏడ్చింది. నాయన తలెత్తలేకపోయాడు. "నేను గూడా నమ్మకపోతినే అక్కా," అన్నాడు.

మాత్రలతో నొప్పి చాలావరకు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. గాలికాలంలో కొంగు మొహానికి చుట్టుకునే తిరిగేది. అయితే నొప్పి వచ్చినప్పుడు పంచలోని ఆడవాళ్లు కూడా మాటలాపి, అది పోయేదాకా కాచుకునేవాళ్లు. బాగున్న రోజున "ఈ పొద్దు రొట్టె తింటా" అని అడిగి మరీ చేయించుకుని, ఎడమవైపు నములుతూ ఎంత సంతోషంగా తినేదో! అలా మరో ఇరవై ఏళ్లు బతికింది.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. ఎవరైనా నొప్పి అంటే, ఏమీ కనబడడం లేదే అన్న మాట నా నోట రాదు. చేతిలో పని పక్కనపెట్టి ఎదురుగా కూర్చుంటాను. వాళ్ల బాధ నేను చేసి చూపగలిగినంత తెలిసేదాకా, మెల్లగా అడుగుతూనే ఉంటాను.