ఇద్దరికీ రాసే వీలు

కంప్యూటర్లు కొత్తగా వస్తున్న రోజుల్లో, పాలకొల్లులో ఒక ఎరువుల కొట్టు ఆఫీసుకి నెట్‌వర్కు పెట్టడానికి వెళ్ళినప్పుడు ఆవిణ్ణి చూశాను. అక్కడ మేనేజరు. ఏం చెప్పినా కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, "చూద్దామండీ" అనేవారు.

ఆ ఆఫీసు గుమాస్తాలిద్దరూ వరసకి బావా బావమరుదులు. పొలం గట్టు తగువుతో మాటలు మానేశారు. పక్కపక్క బల్లలే అయినా ఏ కబురైనా ఆవిడ ద్వారానే.

"స్టాకు ఫైలు ఒకరికి రాసే పర్మిషనిచ్చి, రెండోవారికి చూసే వీలు మాత్రం ఇద్దామండీ. గొడవుండదు," అన్నాను.

కళ్ళజోడు పైకి తోశారు. "ఇద్దరికీ రాసే వీలున్నా, ఒకరు తెరిచి ఉంచితే రెండోవారు రాయలేరన్నారుగా? అయితే ఇద్దరికీ ఇవ్వండి."

"పోట్లాడుకుంటారేమోనండీ."

"పోట్లాడుకోనివ్వండి. అలాగైనా మాటలు మొదలవుతాయి కదా."

వారం తర్వాత ప్రింటరు చూడ్డానికి మళ్ళీ వెళ్ళాను. బయట లారీ ఆగి ఉంది, స్టాకు రాస్తేగానీ కదలదు. ఫైలేమో బావ తెరిచి ఉంచాడు. బావమరిది ఆవిడ వైపు చూశాడు. ఆవిడ తలెత్తలేదు. అతనే బావ వైపు తిరిగి, "బావా, ఆ ఫైలు ఓసారి మూస్తావా?" అన్నాడు.

"మూశాను. రాసుకో."

ఆవిడ గబగబా కిటికీ దగ్గరికి వెళ్ళి, "స్టాకు రాసేస్తున్నారు, ఆగు బాబూ!" అని లారీ డ్రైవరుకి కేకేశారు.