తూనీగకు నంబరు పడింది

కార్ల కంపెనీలో పేర్లు పెట్టడానికే ఒక గది ఉంటుంది. ఆ గదిలో టైపు కొట్టే ఆవిడను అందరూ టైపక్క అనేవారు. పెద్దలు గొంతు చించుకుని చెప్పే పేర్లను కాగితం మీదికి ఎక్కించడం ఆవిడ పని. కొత్తగా తయారైన ఒక చిన్న కారుకు మాత్రం ఏ పేరూ కుదరలేదు. ఒకటి నోరు తిరగదు, ఇంకొకటి అప్పటికే వేరే కంపెనీ సొంతం. విసుగెత్తి, "తూనీగ అంటే?" అంది టైపక్క. అది చనిపోయిన తన చెల్లెలి ముద్దుపేరు. ఆ పిల్లకు ఇంట్లో ఒకచోట కాలు నిలిచేది కాదు. పేరు ఖాయమైంది. ఆ రోజు టైపక్క కాళ్ళు నేల మీద నిలవలేదు.

బండి రోడ్డెక్కాక దాని బండారం బయటపడింది. ఎత్తు ఎక్కమంటే చాలు, మొరాయించేది. టైపక్క ఇల్లు ఊళ్ళో అలాంటి ఒక ఎత్తు మొదట్లోనే. కిటికీ అవతల రోజూ ఎవడో ఒకడు, "ఈ ముదనష్టపు తూనీగ మళ్ళీ చచ్చింది" అంటూ చక్రాన్ని తన్నేవాడు. లోపల మంచం మీద అమ్మ. టైపక్కకు ఒళ్ళు మండిపోయేది. చచ్చినదాన్ని రోజూ చంపుతున్నారు కదా.

చివరికి మేనేజరు ముందు నిలబడింది. "నా చెల్లెలి పేరు తీసేయండి సార్. లేదంటే బండైనా బాగుచేయండి."

ఆయన నవ్వాడు. "పేరు తీయడమే తేలికమ్మా. ఏడొందలు అని పెడదాం."

"ఇంజను పెద్దది చేస్తున్నారా?"

"ఇంజనుతో పనేముంది? అవతలి కంపెనీ వాళ్ళది ఆరొందలు."

పేరు గొప్ప, ఊరు దిబ్బ అని ఊరికే అన్నారా? సిగ్గూ శరమూ లేని మనుషులు. ఆ ఉత్తర్వు కూడా ఆవిడ చేతే టైపు చేయించారు. మీటలు విరిగిపోయేలా కొట్టింది.

ఏడొందలు వేడివేడి పకోడీల్లా అమ్ముడుపోయింది. అదే ఎత్తు దగ్గర అలాగే ఆగింది. తిట్లన్నీ ఇప్పుడు నంబరుకే. టైపక్క మనసు కాస్త కుదుటపడింది.

ఒక సెలవు రోజు అమ్మ అడిగింది. "మన తూనీగ రావడం మానేసిందేమే?"

"ఆ తిట్లు వినలేక నేనే పేరు తీయించానమ్మా."

"తిడితే తిట్టారులేవే. నువ్వు ఆఫీసుకెళ్ళాక మెల్లగా లేచి వాళ్ళకు మంచినీళ్ళిచ్చేదాన్ని. 'తూనీగ ఆగిందా నాయనా?' అని అడిగేదాన్ని. నీ దగ్గర దాని పేరెత్తితే ఏడుస్తావు. ఆ పేరు ఇంకెవరితో అననే?"

కిటికీ అవతల బండి దగ్గి ఆగింది. టైపక్క గబగబా చెంబు నింపి తెచ్చింది. "లే అమ్మా, నేను పట్టుకుంటాను."

"నంబరుకు నేనెందుకు లేవాలి?" అని అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.