వెనక్కి నడిచే పాట

మా వైపు క్రైస్తవ సంఘాల్లో ఇప్పటికీ పాడుకునే ఆ తమిళ పాట నేను కట్టిందేనని అందరూ అంటారు. కాదు. అది మా అవ్వది. ఆమె తెలుగులో కట్టింది. నేను తమిళంలోకి మార్చాను, మార్చి పాడు చేశాను.

తమిళనాట తిరుత్తణి పక్కన, కనకమ్మ సత్రం అనే ఊరి దగ్గరి పొలాల్లో అవ్వ వరినాట్లకు పోయేది. మా వీధివాళ్ళు క్రైస్తవులైన కొత్తలో పాస్టరయ్య పాత పాటలు పాడొద్దన్నాడట. పాట లేకపోతే నాటే చేతులు సాగవు. ఆడవాళ్ళంతా ఒక్కసారి వంగి, ఒక్కసారి వెనక్కి అడుగెయ్యాలంటే పాటే కావాలి. అందుకని అవ్వ ఆ పాత వరసలోనే ప్రభువును పిలిచింది. 'వెనక్కి వెనక్కి నడిచేదాన్ని, వెనకుండి పట్టుకో తండ్రీ' అని మొదలయ్యేది. ఆమెకు చదువు రాదు. పాట ఆమె నోట్లో తప్ప ఇంకెక్కడా లేదు. డెబ్బైల్లో, నా చిన్నప్పుడు, మా వీధి ప్రార్థన జరిగే తాటాకు పాకలో ఆదివారం ఆ పాట ఎత్తుకుంటే ఒళ్ళో పిల్లలున్న తల్లులు తెలియకుండానే ఊగేవారు.

ఎనభైల మొదట్లో నేను తిరుత్తణిలో ఒక తమిళ సంఘం పాటల బృందంలో చేరాను. చదివిందంతా తమిళంలోనే. ప్రార్థన కూటాలకు కొత్త పాట కావాలన్నారు. అవ్వ పాటను తమిళంలో పెట్టాను. 'వెనక్కి' అన్న మాట నాకు నచ్చలేదు. భక్తులు వెనక్కి నడవడమేమిటి? 'ముందుకు' అని రాశాను.

కూటంలో పాడగానే జనం లేచి నిలబడ్డారు. ఎవరు కట్టారని ప్రసంగీకుడు అడిగితే తల దించుకున్నాను. అది వినయమనుకున్నారు.

పాట మళ్ళీ ఎత్తుకున్నాం. ఊరి నుంచి వచ్చిన అవ్వ ముందువరసలో చాప మీద కూర్చుని ఉంది. వరస గుర్తుపట్టి, గొంతెత్తి తన మాటలతోనే పాడింది. పక్కనున్న మా వీధి పిల్ల మోచేత్తో పొడిచింది.

"అవ్వా, తప్పు పాడతా ఉండావు. ముందుకు అనాల."

"యాడన్నా ముందుకు నడిచి నాటతారా మే? నాటిందంతా తొక్కేస్తాం గదా!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను హార్మోనియం దగ్గరే ఉన్నాను, అంతా విన్నాను. వాయిస్తూనే ఉన్నాను.

బస్సులో తిరిగి వస్తుంటే అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"బాగా పాడినావు నాయినా. ఆ ఒక్క మాట మార్చెయ్ రా."

"సరే అవ్వా" అన్నాను.

మార్చలేదు. మార్చాలనుకునేసరికి పాట చెయ్యి దాటిపోయింది. తిరువళ్ళూరు సంఘాల్లో పాడారు, పెళ్ళిళ్ళలో పాడారు, క్యాసెట్టు వచ్చింది. చివరికి మా వీధి పాకలో కూడా తమిళంలోనే పాడసాగారు. ఆ మాట వచ్చినప్పుడల్లా అవ్వ నోరు మూసుకునేది.

ఒకసారి ధైర్యం చేసి మా సంఘ పెద్దతో అసలు సంగతి చెప్పాను. ఆయన నవ్వాడు.

"అవ్వ పాటైతే ఏమి తంబీ? ఇప్పుడు పోయి మార్చుకోండంటే జనం మారతారా? దేవుడికి రెండూ అర్థమవతాయిలే."

ఆ తరవాత కొన్నేళ్ళకు అవ్వ పోయింది. సమాధి దగ్గర ఆ పాటే ఎత్తుకున్నారు. ఇక్కడైనా ఆమె మాటలతో పాడాలనుకున్నాను. ఎంత తడుముకున్నా తెలుగులో మొదటి పంక్తి తప్ప ఇంకేమీ గుర్తురాలేదు. ఆమె బతికుండగా కూర్చోబెట్టి అడిగిందే లేదు. ఆ ఒక్క పంక్తైనా చాలనుకుని గొంతు సవరించుకున్నాను.

జనం పిడికెడు మట్టి వేసి, ఒకరొకరే వెనక్కి జరుగుతూ 'ముందుకు' అని పాడారు. నా వంతు వచ్చింది. మట్టి వేశాను, నోరు తెరిచాను. ఎన్నేళ్ళుగానో అలవాటైన నా నోరు కూడా 'ముందుకు' అనే పాడింది.