మా బావగారు కల్పించిన గూఢచారి

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు సెల్లులో ఏదో యుద్ధం సినిమా పెట్టి నన్నూ పక్కన కూర్చోబెట్టుకుంది. మొదట్లోనే నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలు పడ్డాయి, ఇది నిజంగా జరిగిన సంఘటనల ఆధారంగా అల్లిన కథ అని. "నిజంగా జరిగిందంట నానమ్మా!" అంటూ అది కళ్లు పెద్దవి చేసుకుంది. నాకు మాత్రం మా బావగారు, అంటే మావారి అన్నగారు, గుర్తొచ్చి ఆ తర్వాత తెరమీద ఏం జరిగిందో మనసుకెక్కలేదు.

నేను కొత్తకోడలిగా విజయనగరంలో ఆ ఇంట అడుగుపెట్టింది అరవయ్యో దశకం చివర్లో. బావగారు హైస్కూల్లో చరిత్ర మాస్టారు. పగలంతా పిల్లలకి అశోకుణ్ణీ అక్బరునీ చెప్పి, సాయంత్రమయ్యేసరికి వీధి అరుగుమీద చాప వేసుకుని గూఢచారుల నవలలు రాసేవారు. హెడ్మాస్టరుకి తెలిస్తే బాగుండదని వేరే పేరు పెట్టుకున్నారు. ఆ పేరు ఎవరిదో ఊరందరికీ తెలుసు, హెడ్మాస్టరుతో సహా. భోజనాల దగ్గర కూడా అదే ధ్యాస. "ఈ మేజర్ని విషం పెట్టి చంపనా, రైల్లోంచి తోయించనా?" అని అడిగితే, మా తోడికోడలు, నేను అక్కా అని పిలిచేదాన్ని, విసుగ్గా, "ఏటైనా సెయ్యండి గానీ ముందు తినండి, అన్నం సల్లారిపోతన్నాది," అనేది. మేజరు ప్రాణం ఆ పూటకి దక్కేది.

ఆయన నవలల కిటుకు ఒకటుండేది. కాఫీ తాగి హుషారుగా ఉన్నప్పుడు నాకు చెప్పేవారు: "అమ్మాయ్, పాలు నిజమైనవే ఉండాలి. తోడు చుక్క మాత్రం మనది. మర్నాటికి ఏది పాలో ఏది తోడో ఎవరూ వేరుచెయ్యలేరు." అందుకే ఆయన ఊళ్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టి యుద్ధకాలం కబుర్లు అడిగేవారు. జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేసిన రోజుల్లో ఆయన ఇక్కడే కాలేజీ కుర్రాడు. దీపాలకి నల్లకాగితాలు చుట్టడం, విశాఖనుంచి జనం బిందెలూ పరుపులూ బళ్లమీద వేసుకుని తరలిరావడం, ముక్కూ మొహం తెలియనివాళ్లు మన అరుగులమీద పొయ్యిలు పెట్టుకోవడం, అన్నీ కళ్లారా చూశారు. ఆ పాలలో ఆయన వేసిన తోడుచుక్క ఒక గూఢచారి. భోగాపురం వైపు సరుగుడు తోటలో రేడియో పెట్టుకుని, రేవులో ఏ ఓడ ఎక్కడుందో జపానువాళ్లకి చేరవేసే మనిషి.

ఆ మనిషికి రూపం కావాలి కదా. గంటస్తంభం దగ్గర ఒకాయనకి రేడియోలు బాగుచేసే కొట్టు ఉండేది. యుద్ధకాలంలో రంగూన్నుంచి వచ్చేశాడని అందరూ రంగూను మేస్త్రీ అనేవారు. కుడికాలు కుంటి. తక్కువ మాట్లాడేవాడు. మధ్యాహ్నాలు కొట్టు తలుపులు దగ్గరగా వేసుకునేవాడు. కునుకు తియ్యడానికే కావచ్చు. మా బావగారు ఆ కాలు తీసుకున్నారు, ఆ రంగూనూ తీసుకున్నారు, ఆ మూసిన తలుపులూ తీసుకున్నారు. పేరొకటి మార్చారు. పుస్తకం వచ్చింది. అట్టమీద బొమ్మలో గూఢచారికి ఉన్నికోటూ టోపీ. మన ఎండల్లో అలా తిరిగితే బాంబు అక్కర్లేకుండానే పోతాడని మేమంతా నవ్వుకున్నాం. అంతకుముందు ఏ నవలా అంతగా అమ్ముడుపోలేదు.

మొదట కుర్రాళ్లు మేస్త్రీ కొట్టుముందు "జపానూ" అని అరిచి పారిపోయేవారు. తర్వాత పెద్దవాళ్లు కూడా కూడికలు మొదలుపెట్టారు. నల్లకాగితాల మాట నిజమే, బళ్లమీద జనం వచ్చిన మాట నిజమే, మరి ఇతగాడి మాట మాత్రం అబద్ధం ఎందుకవుతుంది? అసలితను ఊళ్లోకి బాంబులకి ముందొచ్చాడా, తర్వాత వచ్చాడా? ఎవరికీ గుర్తులేదు. గుర్తులేకపోవడమే సాక్ష్యమైపోయింది.

ఒకరోజు పొద్దున్న బావగారు మా రేడియో పట్టుకుని అతని కొట్టుకి వెళుతుంటే, బజారు పని ఉండి నేనూ వెంట వెళ్లాను. మేం మెట్టెక్కేలోగా మా వీధిలో చిలగడదుంపలు అమ్మే ముసలమ్మ గంప కిందపడేసి కొట్టులోకి దూసుకెళ్లింది. ఆమె కొడుకు విశాఖ రేవులో మూటలు మోసేవాడు. బాంబులు పడిన రోజున పోయాడు. మనవడు పుస్తకం చదివి వినిపించాడట. మేస్త్రీ చొక్కా పట్టుకుంది.

"నువ్వేనంట కదరా ఓడలెక్కడున్నాయో సెప్పింది! నా కొడుకు నీకేటి సేసినాడురా? మూటలు మోసుకుని బతికినోడు!"

"నాను కాదమ్మా. అప్పుడు నాను ఈ దేశంలోనే లేను," అన్నాడు మేస్త్రీ.

"మరి పుస్తకంలో ఏసినారు కదా! అచ్చేసినోళ్లకి తెలీదేటి?"

జనం పోగయ్యారు. మేస్త్రీ ఆమె చెయ్యి విడిపించుకోలేదు. తల తిప్పి ఒక్కసారి మా బావగారి వంక చూశాడు. అది ఎవరు రాశారో అతనికీ తెలుసు. వేలెత్తి చూపిస్తే సరిపోయేది. చూపించలేదు. బావగారు రేడియోని పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు గుండెకి అదుముకుని వెనక్కి తిరిగారు. ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని, "తిట్టినా బాగుండేది అమ్మాయ్. ఊరికే చూశాడు," అన్నారు. ఆ పూట అక్క కూడా తినమని అనలేదు.

మర్నాడు ఒక్కరే వెళ్లి మేస్త్రీని క్షమించమని అడిగారు. అతనన్న మాటలు తిరిగొచ్చి మాకు చెప్పారు, అతని గొంతుతోనే: "మాస్టారూ, మీ పుస్తకంలో నాను సరుగుడు తోటలో కూకున్న దినాల్లో, బర్మానుంచి తప్పించుకుని అరకాను కొండల్లో నడస్తన్నాను. మా ఆడదానికి జొరం. దారిలోనే ఉండిపోనాది. మట్టి తవ్వడానికి సేతులు తప్ప ఏటీ నేదు. ఈ కాలు కూడా అక్కడ పోయిందే." అది చెప్పి బావగారు చెప్పులు కూడా విప్పకుండా అరుగుమీద కూలబడ్డారు. "యుద్ధం గురించి ఊరందర్నీ అడిగానే! దాన్ని దాటుకుని వచ్చినవాణ్ణి మాత్రం అడగలేదు," అన్నారు.

ముసలమ్మకి నిజం చెప్పాలన్నారు. ఆడతోడు ఉంటే ఆమె వింటుందని నన్ను తీసుకెళ్లారు. గుడిసె ముందు నేలమీద కూర్చుని, ఆ పుస్తకం తనే రాశానని, ఆ మనిషిని తనే పుట్టించానని చెప్పారు. ఆమె దుంపలకంటిన మట్టి దులుపుతూ విన్నది.

"అయితే బాంబులు అబద్దమా బాబూ?"

"కాదమ్మా. అవి నిజమే."

"నా కొడుకు సచ్చిపోయినాది?"

"అదీ నిజమే."

"మరి ఆడొక్కడే అబద్దమా?" ఆమె దుంప గంపలో పడేసింది. "ఇన్నేళ్లూ ఎవుడ్ని తిట్టుకోవాలో తెలీలేదు. ఆకాశాన్ని తిట్టుకున్నాను. నువ్వే ఒకడ్ని సూపించినావు. ఇప్పుడు నువ్వే ఒట్టుకుపోతన్నావు. ఎల్లు బాబూ, ఎల్లు."

ఇంటికి రాగానే ఆయన పుస్తకం ఆపమని ప్రచురణకర్తకి చెప్పించారు. అవతలివాళ్లు ఆపకపోగా రెండోసారి అచ్చువేశారు. పాత్రలన్నీ కల్పితాలని మాత్రం మొదటి పేజీలో బావగారు వేయించగలిగారు. అది చూసి జనం, "పోలీసులకి భయపడి అలా రాసుంటారు," అన్నారు.

కొన్నాళ్లకి మేస్త్రీ కొట్టు ఎత్తేసి శృంగవరపుకోట వెళ్లిపోయాడు. బావగారు మళ్లీ నవల రాయలేదు. దానికి బదులు మా ఇంట్లో రేడియో తరచు మూగబోవడం మొదలైంది. గంటస్తంభం దగ్గర ఇంకొకడు కొట్టు పెట్టినా, ఆయన దాన్ని సంచిలో పెట్టుకుని బస్సెక్కి శృంగవరపుకోటకే వెళ్లేవారు. ఒకసారి మావారూ నేనూ కూడా వెళ్లాం. మేస్త్రీ వెనకమూత తీసి చూసి, "ఇది తెగిన తీగ కాదు మాస్టారూ, పీకిన తీగ," అన్నాడు. బావగారు దొరికిపోయిన పిల్లాడిలా నేలచూపులు చూశారు. మేస్త్రీ తీగ అతికించి, మూత బిగించి, "అయితే ఏటి? కూకోండి, టీ తెప్పిస్తాను," అన్నాడు. ఇద్దరూ టీ తాగారు. యుద్ధం మాట ఎత్తలేదు. క్షమించాడని అతను అనగా నేను వినలేదు. క్షమించమని బావగారు రెండోసారి అడగనూలేదు.

వాళ్లిద్దరూ పోయి చాలా ఏళ్లయ్యాక, నేను బస్సులో భోగాపురం మీదుగా వెళుతున్నాను. నా ముందు సీట్లో ఒక పెద్దమనిషి పక్కనున్న కుర్రాడికి కిటికీలోంచి సరుగుడు తోటలు చూపిస్తూ, యుద్ధకాలంలో ఒక కుంటివాడు అక్కణ్ణుంచే జపానుకి రేడియోలో కబుర్లు పంపాడని, వాళ్ల తాతగారు కళ్లారా చూశారని చెబుతున్నాడు. నేను ముందుకి వంగి, "అది మా బావగారు రాసిన కథ బాబూ, అలాంటిదేం జరగలేదు," అన్నాను. ఆయన నావైపు జాలిగా చూసి, "మీకు తెలిసుండదమ్మా, చాలా పాత సంగతి," అన్నాడు. రోజులు గడిస్తే అబద్ధం దానంతటదే చచ్చిపోతుందనుకునేదాన్ని. కాని మనలాగే దానికీ వయసొస్తుంది. ఒకసారి తల నెరిశాక అందరూ దానికి లేచి నిలబడి చోటిస్తారు.