వాయిదా బాబాయి

పండగ వచ్చిందంటే చాలు, దాన్ని వాయిదా వెయ్యందే బాబాయికి ముద్ద దిగదు. దేశం కాని దేశంలో మనవాళ్ళు పట్టుమని పదిమంది ఉండే ఆ మేడలో పెద్ద గిన్నె ఆయనది. ఆయన పనిచేసే లాండ్రీ వెనక, అందరూ పట్టే ఖాళీగది తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటుంది. కాబట్టి పండగ కూడా ఆయన సొంత ఆస్తే. అదెప్పుడు రావాలో పంచాంగం చెప్పదు, ఇస్త్రీపెట్టె పట్టుకుని ఈయన చెబుతాడు.

లిఫ్టులు బాగుచేసే కుర్రమెకానిక్‌కి పరాయిదేశంలో ఇది మొదటి పండగ. మేడలో అందరూ అతన్ని 'లిఫ్టూ' అనే పిలుస్తారు. ఎనిమిది నెలలుగా గోడకి ఎదురుగా కూర్చుని తింటున్నాడు. ఒక్కపూట నలుగురి మధ్య కూర్చుని తింటే చాలనుకున్నాడు. సెలవు పెట్టుకున్నాడు. ముందురోజు బాబాయి కబురు వచ్చింది.

"బెల్లం చెమ్మగిల్లిందిరా. ఆదివారం చేద్దాం."

ఆదివారానికి గిన్నెకి సొట్ట పడింది.

"సొట్ట పడితే పాయసం ఉడకదా బాబాయ్?"

"ఉడుకుతుంది. సమంగా ఉడకదు."

ఆ పై ఆదివారం ఖాళీగదిలో పిల్లి ఈనిందన్నాడు. ఆ పిల్లిని గాని, దాని సంతానాన్ని గాని చూసిన పాపాన ఎవరూ పోలేదు.

అక్కడ సొంతూళ్ళో పండగ అయిపోయి మూకుళ్ళు ఎప్పుడో అటకెక్కాయి. అమ్మ మాత్రం ఫోన్లో అడుగుతూనే ఉంది.

"అయిందా నాన్నా పండగ?"

"లేదమ్మా. పిల్లి ఈనింది."

"పిల్లికీ పండక్కీ ఏం సంబంధంరా?"

ఆ సంబంధం బాబాయికొక్కడికే తెలుసు. లిఫ్టుకి ఒళ్ళు మండిపోయింది. మెట్లమీద ఎవరు కనబడినా ఆయన్ని ఉతికి ఆరేశాడు. "ముహూర్తం ఈయన చేతుల్లో ఉండుంటే ఈయన పెళ్ళి ఇప్పటికీ అయ్యేది కాదు," అన్నాడు. ఆసుపత్రిలో నర్సుగా చేసే అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. బస్సు డ్రైవరన్నయ్య, "ఈయన బస్సు నడిపితే జనం స్టాపుల్లోనే ముసలాళ్ళయిపోతారు," అని తన వంతు వడ్డించాడు.

చివరికి ఈ ఆదివారం ఖాయమన్నారు. శనివారం మధ్యాహ్నం లిఫ్టుకి ఫోన్ వచ్చింది. రేపు డ్యూటీకి రమ్మని సూపర్‌వైజర్ హుకుం. అందరికంటే ఎక్కువ ఎగిరింది తనే. ఇప్పుడు తన కోసం ఆగమని ఏ మొహంతో అడుగుతాడు? నోరు మూసుకుని యూనిఫాం చంకలో పెట్టుకుని లాండ్రీకి వెళ్ళాడు.

"ఎప్పటికి కావాలి?" అన్నాడు బాబాయి తలెత్తకుండా.

"రేపు పొద్దున్నకి."

బాబాయి ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఫోన్ అందుకున్నాడు.

"డ్రైవరూ, పండగ వచ్చే వారానికిరా. గరిటె కనబడటం లేదు... ఆఁ, తిట్టు, తిట్టు. వింటున్నాను."

గరిటె ఆయన తల వెనక మేకుకి వేలాడుతోంది. లిఫ్టు దాన్నీ ఆయన్నీ మార్చి మార్చి చూశాడు. మేడలో అందరి యూనిఫాంలూ ఈ బల్లమీదికే వస్తాయని అప్పుడు తట్టింది.

"బెల్లం చెమ్మగిల్లినప్పుడు... ఎవరి యూనిఫాం బాబాయ్?"

"నర్సమ్మది."

"సొట్ట?"

"డ్రైవరుది. పిల్లి కూడా వాడిదే."

"ఆ మాటే చెప్పొచ్చుగా! ఇన్ని తిట్లు తినడమెందుకు?"

"చెబితే 'నా కోసం ఆపకండి' అంటారు. సరేనని ఆపకపోతే దుప్పటి ముసుగేసుకుని పడుకుంటారు. బెల్లానికైతే ఆ మొహమాటాలుండవు. ప్యాంటు మడత మోకాలి దాకా చాలా, పూర్తిగా తియ్యనా?"

సాయంత్రం మెట్లమీద నర్సక్క ఎదురైంది.

"విన్నావా లిఫ్టూ? ఈసారి గరిటె పోయిందట! అంత గరిటె ఎక్కడికి పోతుందిరా? నువ్వే వెళ్ళి ఆ మనిషిని నాలుగు దులుపు."

లిఫ్టు గొంతు సవరించుకున్నాడు.

"వెళ్ళొచ్చానక్కా. మంచం కింద కూడా దూరి వెతికాను. నిజంగానే లేదు."