ఖాళీగా తిరిగిరాని డబ్బాలు

కరోనా తగ్గిన తర్వాతి వేసవిలో మెదక్ బస్టాండు దగ్గర ఐస్‌క్రీం, కానుకల దుకాణం తెరిచాను. అంతకుముందు మా వంశంలో ఎవరూ తక్కెడ పట్టలేదు. మా తాతగారు పాపన్నపేట వైపు ఒక ఊరికి పటేలు. భూములు నాన్నగారి కాలానికే పోయాయి. నాకు దక్కింది ఆ పిలుపూ, నిటారుగా కూర్చునే అలవాటూ. ఇస్త్రీ చొక్కా లేకుండా గల్లా దగ్గర కూర్చున్న రోజు లేదు.

వాడి పారేసేది ఏదీ దుకాణం గడప దాటకూడదన్నది నా నియమం. మట్టి బొమ్మలు, వెదురు బుట్టలు పాత వార్తాపత్రికలో చుట్టి నార తాడు కట్టి ఇచ్చేవాణ్ణి. ఐస్‌క్రీంకు పాలు సగానికి మరిగించి, చక్కెర కలిపి, బాగా చల్లబరచి యంత్రంలో తిప్పాలి. తిప్పేటప్పుడు గాలి చేరి ఉబ్బుతుంది. గాలి ఎక్కువైతే లాభం ఎక్కువ, రుచి తక్కువ. నాది తక్కువ గాలి సరుకు. అక్కడే తినేవారికి స్టీలు గిన్నె, ఇంటికి తీసుకెళ్లేవారికి మూత బిగుసుకునే స్టీలు డబ్బా. డబ్బాకు ధరావతు పుచ్చుకోలేదు, మాట మీద ఇచ్చేవాణ్ణి.

"డబ్బాలు వాపస్ రాకుంటే ప్లాస్టిక్ కప్పులు తెస్తరా, దుకాణం మూస్తరా?" అని మా ఆవిడ విమల అడిగింది.

మూస్తానని చెప్పాను. ఊరంతా విన్నది కూడా.

మొదటి డబ్బా తిరిగి తెచ్చింది పాపన్నపేటలో కూరగాయలు పండించే సాయవ్వ. మూత తీస్తే నిండా జామకాయలు. మా ఇంట్లో ఊరికే తీసుకునే అలవాటు లేదని చెప్పి, కాయలు ఆమె సంచిలో పోసి డబ్బా ఉంచుకున్నాను. దానికి కారణముంది. తాతగారి రోజుల్లో తొలి కాపు మా వాకిట్లోకి రావలసిందే. తెచ్చేవాళ్లకు వేరే దారి లేదు. ఆ పెత్తనం పోయాక నాన్నగారు ఎవరి దగ్గరా చింతపిక్క కూడా ఊరికే పుచ్చుకోలేదు. నేనూ అంతే. ఆ తర్వాత ఒకరు పెసర్లతో, ఒకరు పచ్చిమిరపకాయలతో, ఒకరు సకినాలతో వచ్చారు. అందరికీ మర్యాదగానే తిప్పి ఇచ్చాను.

ఎండలు ముదిరేసరికి డబ్బాలు రావడం ఆగిపోయింది. అలమారలో వరుసలు పలచబడ్డాయి. పార్సిల్ అడిగిన వారిని వెనక్కి పంపవలసి వచ్చింది. వేసవి అమ్మకంలో పార్సిలే ప్రధానం. విమల దుకాణం తాళంచెవి నాకు కనపడేచోట పెట్టింది.

చివరికి షేర్ ఆటోలో పాపన్నపేట వెళ్లాను. సాయవ్వ ఇంట్లో నా డబ్బాలు తళతళా తోమి గూట్లో బోర్లించి ఉన్నాయి.

"ఎందుకు తేలేదవ్వా?" అని అడిగాను.

"ఉత్త డబ్బా ఎట్ల తెస్తం పటేలా? ఒకరింటి గిన్నె ఉత్తగ వాపస్ ఇస్తమా? నింపుకొని తెస్తే నువ్వు తీస్కోవు. ఇగ గూట్లె పెట్టిన. మా వాడకట్టుల అందరిండ్లల్ల గిట్లనే ఉన్నయ్."

తాతగారి సంగతి చెప్పి, అందుకే తీసుకోనన్నాను.

"మీ తాతకు ఇయ్యకుంటె కొట్టిపిచ్చెటోడు. అందుకిచ్చిన్రు మావోళ్లు. నువ్వు కొడ్తవా?"

లోపల కోడలు పకాలున నవ్వింది. కొట్టనన్నాను.

"మరింకేంది? నువ్విప్పుడు పటేల్‌వి గాదయ్యా, ఐస్‌క్రీం సేటువి. సేటు లెక్క ఉండు. ఏ పిల్లా, సేటుకు జామకాయలు కట్టియ్యి!"

ఆ హోదా మార్పు కాస్త గుచ్చుకుంది. అయినా జామకాయల డబ్బాలు పుచ్చుకుని, ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చున్నాను.

మర్నాడు ఆ కాయలు గుజ్జు తీసి, గింజలు వడకట్టి, ఉప్పూ కారం చల్లి ఐస్‌క్రీం చేశాను. పలక మీద 'పాపన్నపేట సాయవ్వ జామ' అని రాశాను. వారంలో ఆ వాడకట్టు డబ్బాలన్నీ నిండుగా దిగాయి. చింతకాయతో పుల్లటి ఐస్, సీతాఫలం కాలంలో సీతాఫలం. తెచ్చినవారికి మొదటి గిన్నె ఇచ్చేవాణ్ణి. పెసర్లూ మిరపకాయలూ ఒక వెదురు బుట్టలో ఉంచితే, కావలసినవారు పట్టుకెళ్లేవారు. సొరకాయ ఐస్‌క్రీం ఒక్కటే విమల గడప దాటనివ్వలేదు. సాయవ్వ తన పేరున్న గిన్నె ఖాళీ చేసి, "మస్తుగుంది సేటూ, ఉప్పు జర తక్కువైంది" అంది. ఉప్పు పెంచాను.

మోకాళ్ల నొప్పితో మా చెల్లెలి కూతురికి అప్పగించేదాకా దుకాణం అలాగే నడిచింది. ఆమెకు యంత్రం సంగతులతో పాటు ఇదీ చెప్పాను: పాత్రలు తిరిగి రావాలనుకునే దుకాణదారు, వాటిలో వచ్చేది పుచ్చుకోవడం కూడా పనిలో భాగమనుకోవాలి. ఇవ్వడం నాకు ముందునుంచీ వచ్చు. పుచ్చుకోవడం ఈ వృత్తిలో నేర్చుకున్నాను.